పిక్క పట్టేస్తే ఎలా వదిలించుకోవాలి? లోపల కండరం ఏం చేస్తోంది?

ఇంద్రకీలాద్రి మెట్లెక్కి దిగిన రోజో, బీసెంట్ రోడ్డులో పొద్దస్తమానం షాపులో నిలబడి వచ్చిన రోజో, రాత్రి సరిగ్గా నిద్ర పట్టే వేళకి పిక్క రాయిలా బిగుసుకుపోతుంది. నొప్పికి కంగారుపడి చాలామంది పిక్కని గుద్దుతారు, లేదంటే చీకట్లో బామ్ సీసా కోసం తడుముకుంటారు. ముందు చేయాల్సింది ఆ రెండూ కాదు, కండరాన్ని సాగదీయాలి.

మంచం మీదే కూర్చుని కాలు తిన్నగా చాపండి. మోకాలు వంగకూడదు, ఎందుకంటే పిక్కలోని పెద్ద కండరం మోకాలి పైనుంచే మొదలై మడమ దాకా వస్తుంది, మోకాలు వంచితే అది పూర్తిగా సాగదు. పాదం ముందు భాగానికి తువ్వాలు వేసి, రెండు కొసలూ పట్టుకుని మెల్లగా మీ వైపు లాగండి. కుదుపులు వద్దు. 20, 30 సెకన్లు అలాగే పట్టి ఉంచి, వదిలి, మళ్లీ లాగండి. లాగుతూనే పాదాన్ని మీ అంతట మీరు కూడా పైకి ఎత్తడానికి ప్రయత్నించండి. ముంగాలి కండరం పనిచేస్తుంటే, దానికి ఎదురుగా ఉన్న పిక్కని సడలించమని వెన్నుపాము నుంచి కబురు వెళ్తుంది. తువ్వాలు అందకపోతే లేచి, గోడకి చేతులు ఆనించి, పట్టేసిన కాలు వెనక్కి పెట్టి మడమ నేలకి తాకించండి. బిగువు వదిలాక అప్పుడు నెమ్మదిగా మర్దన చేసుకోవచ్చు.

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఇంకెప్పుడూ టెన్షన్ పడరు. ఇప్పుడే లేచి నిలబడి, పిక్క మీద చెయ్యి వేసి, మునివేళ్ల మీద లేవండి. రెండు ముద్దలు గట్టిపడి పైకి ఉబ్బుతాయి, మధ్యలో సన్నటి గాడి కూడా తెలుస్తుంది. ఆ ముద్దల నిండా పోగుల కట్టలే. ఒక్కో పోగు ఒక్కో కణం, కొన్ని సెంటీమీటర్ల పొడవు కూడా ఉండొచ్చు. దాని లోపల ఇంకా సన్నటి దారాలు, ఆ దారాల పొడవునా వరసగా సార్కోమియర్ అనే చిన్న గదులు. ఒక్కో గది మిల్లీమీటరులో దాదాపు 500వ వంతు ఉంటుంది.

అసలు పని జరిగేది ఆ గదిలోనే. అందులో ఆక్టిన్ అనే సన్న తీగలు, మయోసిన్ అనే లావు తీగలు ఉంటాయి. నరం నుంచి సంకేతం రాగానే కణంలోని సంచుల నుంచి క్యాల్షియం బయటికొచ్చి ఆక్టిన్ మీది అడ్డు తొలగిస్తుంది. అప్పుడు మయోసిన్ తలలు, నూతిలో చేద తోడేటప్పుడు చెయ్యి మార్చి చెయ్యి తాడు లాగినట్టు, ఆక్టిన్‌ని లోపలికి లాక్కుంటాయి. తీగల పొడవు తగ్గదు, ఒకదాని పక్కగా ఒకటి జారతాయి, గది మాత్రం పొట్టిదవుతుంది. 1954లో రెండు బృందాలు విడివిడిగా ఈ సంగతి బయటపెట్టాయి, నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

పట్టు వదలడానికి కూడా ఆ తలలకి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం కావాలి. చనిపోయాక శరీరం కొయ్యబారేది అది అందకే. అన్నిటికంటే ముఖ్యం, కండరానికి లాగడమే వచ్చు, తనంతట తాను సాగడం రాదు, దాన్ని ఇంకోటేదో సాగదీయాల్సిందే. పిక్క పట్టేసినప్పుడు నరం ఆపకుండా సంకేతాలు పంపుతూనే ఉంటుంది, తలలు లాగుతూనే ఉంటాయి. మీరు తువ్వాలుతో లాగితే మడమ పైన, పిక్క కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువులోని గ్రాహకాలు ఆ బిగువుని పసిగట్టి, నరాన్ని శాంతపరచమని వెన్నుపాముకి చెబుతాయి.

మళ్లీ రాకుండా పడుకునే ముందు అదే గోడ సాగదీత రెండు కాళ్లకీ చేయండి. మే నెల ఎండల్లో చెమట ధారగా కారేవాళ్లు నీళ్లు, కాస్త ఉప్పు వేసిన మజ్జిగ తాగండి, బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు సంగతి డాక్టర్ని అడగండి. పరీక్ష చేయించకుండా క్యాల్షియం మాత్రలు మింగొద్దు.

కొండ దిగిన మర్నాడో, ఆ తర్వాతి రోజో వచ్చే నొప్పి వేరు. మెట్లు దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క బిగుస్తూ, ఇంకోపక్క సాగుతూ బరువు మోస్తుంది, ఆ పనికి పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. అది నాలుగైదు రోజుల్లో దానంతటదే పోతుంది. కానీ ఒక్క కాలే వాచి, వెచ్చగా, ఎర్రగా ఉండి నొప్పి తగ్గకపోతే మర్దన చేయొద్దు, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బాగా శ్రమపడ్డాక మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా అంతే. కొలెస్ట్రాల్ మాత్రలు వేసుకుంటూ ఒళ్లంతా కండరాల నొప్పులుంటే, మాత్ర మీరే ఆపేయకుండా, రాసిన డాక్టర్‌కి చెప్పండి.