రెండేళ్ల డిగ్రీలో జర్నలిజం చదవడం ఎలా?

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో (స్థానిక రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో) చేరి రెండేళ్లలో జర్నలిజంలో అసోసియేట్ డిగ్రీ చేయొచ్చు. ఫీజు నాలుగేళ్ల యూనివర్సిటీ కన్నా చాలా తక్కువ. ఎంట్రన్స్ పరీక్షల టెన్షన్ ఉండదు, హైస్కూల్ పూర్తయితే సాధారణంగా సీటు దొరుకుతుంది. అయితే రిపోర్టర్ ఉద్యోగానికి ఎక్కువ సంస్థలు బ్యాచిలర్ డిగ్రీ అడుగుతాయి. కాబట్టి ఈ రెండేళ్లను సగం దారిగానే లెక్కేసుకోండి, మిగతా సగం యూనివర్సిటీలో. ఈ సగం దారిలో చేతికి రావాల్సినవి రెండే: మీ పేరుతో వచ్చిన వార్తలు, తర్వాతి యూనివర్సిటీ తీసుకునే క్రెడిట్లు (పాసైన క్లాసులకు వచ్చే పాయింట్లు). మార్కులు వాటి తర్వాతే.

కాలేజీ కన్నా ముందు పత్రికను చూడండి

వెబ్‌సైట్‌లో జర్నలిజం కోర్సు ఉందని రాసి ఉంటే సరిపోదు. ఆ కాలేజీ విద్యార్థి పత్రిక బతికి ఉందో లేదో చూడాలి. పత్రిక సైట్ తెరిచి అన్నిటికన్నా పైనున్న వార్త తేదీ చూడండి. సెమిస్టర్ నడుస్తుండగా నెల రోజుల నాటి వార్తే అక్కడ కనిపిస్తే ఆ కాలేజీని పక్కన పెట్టేయొచ్చు.

తర్వాత ఓ పది వార్తలు చదవండి. అన్నీ ఆటల స్కోర్లు, క్లబ్బుల వేడుకలు, కొత్త బిల్డింగ్ ఫొటోలేనా? ఫీజుల పెంపు మీదో, రద్దయిన క్లాసుల మీదో, కాలేజీని నడిపే బోర్డు మీటింగ్‌లో జరిగిన గొడవ మీదో ఒక్కటైనా ఉందా? సొంత కాలేజీకి ఇబ్బంది కలిగించే వార్త ఏడాదిలో ఒక్కటైనా వేసిన పత్రిక ఉన్నచోట చేరండి. బైలైన్లు (వార్త రాసినవాళ్ల పేర్లు) కూడా గమనించండి. ముగ్గురు నలుగురి పేర్లే మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే స్టాఫ్ తక్కువని అర్థం. అందులో భయపడాల్సిందేమీ లేదు, పైగా మీకే లాభం. పెద్ద పత్రికలో మొదటి ఏడాదంతా ఈవెంట్ క్యాలెండర్ రాయిస్తారు, చిన్నదాంట్లో రెండో నెలకే బీట్ (ఒక రంగం వార్తల బాధ్యత) చేతికిస్తారు.

పత్రిక అడ్వైజర్‌గా ఉండే ప్రొఫెసర్‌కి ఒక ఈమెయిల్ పెట్టండి. న్యూస్ రైటింగ్ క్లాసు ప్రతి సెమిస్టర్ ఉంటుందా, ఒక్క ఫాల్ (ఆగస్టు-డిసెంబర్) సెమిస్టర్‌లోనేనా? చేరిన మొదటి సెమిస్టర్‌లోనే పత్రికలో పని చేయనిస్తారా? మీ విద్యార్థులు ఇక్కణ్నుంచి ఏ యూనివర్సిటీలకు వెళ్తున్నారు? మొదటి ప్రశ్న చిన్నదిగా అనిపిస్తుంది గానీ, ఒక్క ఫాల్‌లోనే పెట్టే క్లాసు తప్పిపోతే ఏడాది పోయినట్టే. జవాబు ఎంత త్వరగా వచ్చిందన్నది కూడా ఆ డిపార్ట్‌మెంట్ గురించి కొంత చెబుతుంది.

డిగ్రీ పేరులో అక్షరాలు చూసుకోండి

అసోసియేట్ డిగ్రీ అంటే సాధారణంగా 60 సెమిస్టర్ క్రెడిట్లు. క్వార్టర్ పద్ధతి ఉన్నచోట 90. ఏఏ (ఆర్ట్స్), ఏఎస్ (సైన్స్) అనే డిగ్రీలు ఎక్కువగా యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వడానికి ఉద్దేశించినవి. ఏఏఎస్ (అప్లైడ్ సైన్స్) అని ఉంటే అది ఉద్యోగం కోసం పెట్టిన డిగ్రీ. అందులో క్రెడిట్లన్నీ యూనివర్సిటీలు తీసుకోకపోవచ్చు. కాలిఫోర్నియాలో ‘ట్రాన్స్‌ఫర్ కోసం అసోసియేట్ డిగ్రీ’ అని విడిగా ఉంది. జర్నలిజంలో అది పూర్తి చేస్తే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో ఎక్కడో ఒక క్యాంపస్‌లో సీటు గ్యారంటీ. మీరు కోరుకున్న క్యాంపస్‌లోనే అని మాత్రం కాదు. ఫ్లోరిడాలో కూడా రెండేళ్లు కాలేజీ, రెండేళ్లు యూనివర్సిటీ అనే రెండు ప్లస్ రెండు పద్ధతి చాలాకాలంగా నడుస్తోంది.

ఇక్కడ చాలామంది ఉత్సాహంగా చేసే పని ఒకటుంది. కాలేజీలో ఉన్న జర్నలిజం క్లాసులన్నీ తీసేసుకుంటారు. ఫొటో జర్నలిజం, పాడ్‌కాస్ట్, పీఆర్, మ్యాగజైన్, అన్నీ. తీరా యూనివర్సిటీకి వెళ్లాక వాటిలో సగం మేజర్ (ముఖ్య సబ్జెక్టు) కింద లెక్కకు రావు. కారణం ఉంది. అమెరికాలో జర్నలిజం కోర్సులకు గుర్తింపునిచ్చే మండలి, గుర్తింపు ఉన్నచోట చదివే విద్యార్థి కనీసం 72 సెమిస్టర్ క్రెడిట్లు జర్నలిజం బయట చదవాలని నియమం పెట్టింది. రిపోర్టర్‌కి రాయడం ఒక్కటే వస్తే చాలదు, రాయడానికి ఏదో ఒక విషయం తెలిసుండాలన్నది దాని ఉద్దేశం. నా లెక్కలో అది సరైన నియమమే.

అందుకని రెండేళ్లలో జర్నలిజం క్లాసులు నాలుగైదు చాలు. మాస్ కమ్యూనికేషన్ పరిచయం, న్యూస్ రైటింగ్, పత్రికలో పని చేసే క్లాసు, వీడియో లేదా ఫొటో ఒకటి. మిగతావి స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, అమెరికా ప్రభుత్వ వ్యవస్థ, వీలైతే స్పానిష్. అకౌంటింగ్ ఒక సెమిస్టర్ చదివిన రిపోర్టర్ బడ్జెట్ కాగితం చూసి బెదిరిపోడు. ఏ క్లాసు ఎక్కడ చెల్లుతుందో కౌన్సెలర్‌తో కూర్చుని చూసుకోండి, వాళ్లు చెప్పింది ఈమెయిల్‌లో రాయించుకోండి.

డబ్బు సంగతి క్లుప్తంగా. సిటిజన్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఫాఫ్సా అనే ఫెడరల్ సాయం దరఖాస్తు నింపాలి, దానికి ఫీజు లేదు. కుటుంబ ఆదాయం తక్కువైతే ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ వస్తుంది, 2025-26కి గరిష్ఠంగా 7,395 డాలర్లు. అది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ సాయం రాదు. పైగా వాళ్లు క్యాంపస్ బయట పత్రికకు డబ్బు తీసుకుని రాయాలంటే ముందు అనుమతి ఉండాలి. ఇంటర్న్‌షిప్ ఒప్పుకునే ముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి.

మొదటి సెమిస్టర్: లీడ్ రాయడం

న్యూస్ రైటింగ్ క్లాసులో మొదటి నెలంతా దాదాపు ఒకే పని: వార్త మొదటి వాక్యం, అంటే లీడ్. ముఖ్యమైనది ముందు, మిగతాది ప్రాధాన్యాన్ని బట్టి కిందకి. కొత్తగా రాసేవాళ్లు జరిగిన క్రమంలో రాస్తారు. ‘కాలేజీ ట్రస్టీల బోర్డు మంగళవారం రాత్రి సమావేశమై పలు అంశాలపై చర్చించింది’ అని మొదలుపెడతారు. పలు అంశాలపై చర్చించారన్న వాక్యం ఏ భాషలో రాసినా వార్త కాదు. అదే మీటింగ్ నుంచి లీడ్ ఇలా ఉండాలి: ‘వచ్చే ఫాల్ నుంచి సాయంత్రం క్లాసులకు వచ్చే విద్యార్థులు కూడా పార్కింగ్‌కి డబ్బు కట్టాలి.’ బోర్డు, మంగళవారం, ఓట్ల లెక్క రెండో వాక్యంలోకి వెళ్తాయి.

దీనితోపాటు అమెరికా వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ రాత శైలి నేర్పుతారు. ఒకటి నుంచి తొమ్మిది వరకు అక్షరాల్లో, 10 నుంచి అంకెల్లో. వయసు మాత్రం ఎప్పుడూ అంకెల్లోనే. ఎవరైనా ఏమన్నా ‘అన్నారు’ అనే రాయాలి, ‘ఉద్ఘాటించారు’, ‘స్పష్టం చేశారు’ లాంటివి కుదరవు. పర్సెంట్ గుర్తు వాడొచ్చని 2019లో మార్చారు, పాత ప్రొఫెసర్లు కొందరు ఇంకా ఒప్పుకోరు. బట్టీ పట్టనక్కర్లేదు. రోజూ రాస్తుంటే ఒక సెమిస్టర్‌లో చేతికి వస్తుంది.

క్యాంపస్ క్రైమ్ లాగ్‌తో వార్త పట్టండి

మొదటి వార్త ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: క్యాంపస్ పోలీస్ ఆఫీసుకి వెళ్లి క్రైమ్ లాగ్ (నేరాల రోజువారీ పట్టిక) అడగండి.

1986లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే విద్యార్థిని తన హాస్టల్ గదిలోనే హత్యకు గురైంది. ఆ క్యాంపస్‌లో అంతకుముందు జరిగిన నేరాల సంగతి తమకు తెలియనివ్వలేదని తల్లిదండ్రులు పోరాడారు. అలా 1990లో వచ్చిందే క్లెరీ చట్టం. ఫెడరల్ సాయం తీసుకునే కాలేజీలో పోలీస్ గానీ సెక్యూరిటీ విభాగం గానీ ఉంటే రోజువారీ క్రైమ్ లాగ్ పెట్టాలి. ఫిర్యాదు అందిన రెండు పనిదినాల్లోగా అందులో ఎక్కించాలి. గత 60 రోజుల లాగ్‌ని ఆఫీసు వేళల్లో ఎవరడిగినా చూపించాలి. విద్యార్థి అయినా, పక్క వీధిలో ఉండే మనిషైనా సరే.

లాగ్‌లో ఒక వరుస ఇలా ఉందనుకుందాం. తేదీ, రాత్రి 8.40, పార్కింగ్ లాట్ సి, వాహనం నుంచి క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే భాగం) చోరీ, దర్యాప్తులో ఉంది. ఇదొక్కటే అయితే నాలుగు లైన్ల చిన్న వార్త. పేజీలు వెనక్కి తిప్పండి. అదే లాట్‌లో, అదే వేళకు, ఇంకో రెండు కనిపించాయి. ఇప్పుడు వార్త దొరికింది, ఇంకా రాయడం మొదలుపెట్టకండి.

రాత్రి 8.40కి ఆ లాట్‌కి మీరే వెళ్లి నిలబడండి. లైట్లు ఎన్ని వెలుగుతున్నాయి, ఎన్ని వెలగడం లేదు, లెక్కపెట్టి రాసుకోండి. కెమెరా ఉంటే ఎటు తిరిగి ఉంది? సాయంత్రం క్లాసుల నుంచి వచ్చేవాళ్లతో మాట్లాడండి. పేరు, ఏం చదువుతున్నారు, పేరు స్పెల్లింగ్ వాళ్లనే చెప్పమనండి. పోలీస్ చీఫ్‌ని అడగండి: రాత్రి షిఫ్టులో ఎంతమంది, ఆ లాట్‌కి రౌండ్ ఎప్పుడు? లైట్ల బాధ్యత పోలీసులది కాదు, మెయింటెనెన్స్ విభాగానిది. వాళ్ల దగ్గర రిపేర్ ఆర్డర్ల రికార్డు ఉంటుంది, అది అడగండి. ఆ ఆర్డర్ చోరీల కన్నా ముందే పెట్టి ఉండి ఇంకా పెండింగ్‌లో ఉంటే మీ లీడ్ అదే.

ఫోన్‌లో రికార్డు చేసే ముందు మీ రాష్ట్ర చట్టం చూసుకోండి. న్యూయార్క్‌లో మాట్లాడేవాళ్లలో ఒకరికి తెలిస్తే చాలు. కాలిఫోర్నియాలో అయితే ప్రైవేట్ సంభాషణకు అందరూ ఒప్పుకోవాలి. ఎక్కడైనా ‘రికార్డు చేస్తున్నాను, ఫరవాలేదా?’ అని అడిగి మొదలుపెట్టడం మేలు.

దీని తర్వాత మంచి చోటు ట్రస్టీల బోర్డు అజెండా. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం సాధారణ మీటింగ్ అజెండాను 72 గంటల ముందే బయట పెట్టాలి. అందులో ‘కన్సెంట్’ అనే భాగం ఉంటుంది, చర్చ లేకుండా ఒకే ఓటుతో గంపగుత్తగా ఆమోదించేవన్నీ అందులో ఉంటాయి. కాంట్రాక్టులు, రాజీనామాలు ఎక్కువగా అక్కడే పడి ఉంటాయి. మీటింగ్‌కి వచ్చినవాళ్లు కూడా దాన్ని పెద్దగా చదవరు. మీరు చదవండి.

ఇవ్వం అంటే

కొన్నాళ్లకు ఏదో ఒక ఆఫీసులో ‘ఫెర్పా ప్రకారం ఇవ్వలేం’ అంటారు. 1974 నాటి ఈ చట్టం విద్యార్థుల చదువు రికార్డులను కాపాడుతుంది, మార్కులూ క్రమశిక్షణ ఫైళ్లూ అలాంటివి. క్యాంపస్ పోలీసులు తమ పని కోసం తయారుచేసిన రికార్డులు దాని కిందకి రావు. గొడవ పెట్టుకోకుండా, ఏ నిబంధన కింద ఇవ్వడం లేదో రాసివ్వమని అడగండి. ఒక్కోసారి ఆ మాటతోనే కాగితం బయటికి వస్తుంది. రాకపోతే స్టూడెంట్ ప్రెస్ లా సెంటర్‌ని సంప్రదించండి. 1974లో మొదలైన ఈ సంస్థ విద్యార్థి పత్రికలకు ఉచితంగా న్యాయ సలహా ఇస్తుంది.

మీరు కూడా హద్దుల్లో ఉండాలి. 1964లో సుప్రీంకోర్టు ఇచ్చిన సలివన్ తీర్పు ప్రభుత్వ అధికారుల మీద రాసేటప్పుడు పరువునష్టం దావాల నుంచి పత్రికకు చాలా రక్షణ ఇస్తుంది. కానీ లాట్ సిలో అనుమానితుడని ఎవరో చెప్పిన మామూలు మనిషి పేరు వేసేస్తే ఆ రక్షణ మీకు అంతగా ఉండదు. అరెస్టు, కేసు ఏదీ లేకుండా పేరు వేయకండి.

రెండో ఏడాది: ట్రాన్స్‌ఫర్, క్లిప్స్

ట్రాన్స్‌ఫర్ దరఖాస్తుల గడువు చాలాచోట్ల నవంబర్, మార్చి మధ్యలో పడుతుంది, అంటే రెండో ఏడాది మొదలైన కొద్ది నెలలకే. అప్పటికి చేతిలో మీ పేరుతో వచ్చిన మంచి వార్తలు, అంటే క్లిప్స్, ఐదారు ఉండాలి. రెండో ఏడాదిలో ఎడిటర్ పోస్టు ఇస్తామంటే తీసుకోండి, రాయడం మాత్రం ఆపకండి. ఇతరుల వార్తలు దిద్దుతూ కూర్చున్న ఎడిటర్ దగ్గర తన క్లిప్స్ ఉండవు.

దరఖాస్తుకి క్లిప్స్ ఎంచుకునేటప్పుడు ఒకటి రికార్డుల మీద ఆధారపడినది, ఒకటి డెడ్‌లైన్‌లో కొట్టిన మీటింగ్ వార్త, ఒకటి ఓ మనిషి గురించి రాసిన ఫీచర్, ఒకటి ఫొటో లేదా వీడియో ఉన్నది పెట్టండి. అభిప్రాయ వ్యాసాలు ఒకటికి మించి వద్దు. అవి రాయడం సులువని దరఖాస్తు చదివేవాళ్లకూ తెలుసు. ప్రతి వార్త వచ్చిన రోజే పీడీఎఫ్‌గా దాచుకోండి, ప్రింట్ ఉంటే రెండు కాపీలు తీసిపెట్టండి. విద్యార్థి పత్రికల సైట్లు కొత్త డిజైన్‌కి మారినప్పుడల్లా పాత లింకులు పోతుంటాయి, అప్పుడు అడ్వైజర్‌ని అడిగినా దొరకవు.