థానోస్‌ని కామిక్స్‌లో ఏ వరుసలో చదవాలి

మార్వెల్ ‘అవెంజర్స్’ సినిమాలు చూసి, వాటిలోని విలన్ థానోస్ మీద ఆసక్తి పుడితే చాలామంది నేరుగా 1991 నాటి ‘ఇన్ఫినిటీ గాంట్లెట్’ తెరుస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. మొదటి సంచికలోనే చిటికె వేస్తాడు, విశ్వంలో సగం ప్రాణులు మాయం. అంత శక్తి అతని చేతికి ఎలా వచ్చిందో మాత్రం నాకు అంతుపట్టలేదు.

అందుకే ముందు 1990లో వచ్చిన ‘థానోస్ క్వెస్ట్’ చదవండి. రెండే సంచికలు. పక్కన ఒక కాగితం పెట్టుకుని, ఆ శక్తినిచ్చే ఆరు రత్నాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో, ఒక్కొక్కటీ ఎలా సంపాదించాడో రాసుకోండి. అసలు మజా అంతా ఇక్కడే ఉంది. రత్నం ఉన్నవాళ్లలో ఒకడైన ఛాంపియన్‌ని రెచ్చగొట్టి, అతని దెబ్బలతోనే అతను నిలబడ్డ గ్రహాన్ని పగలగొట్టిస్తాడు. అక్కడి నుంచి తీసుకెళ్లడానికి బదులుగా రత్నం అడుగుతాడు! ఇంకో రత్నధారి రన్నర్‌నైతే పసిబిడ్డగా మార్చేసి, ఆ బిడ్డను కలెక్టర్‌కి ఇచ్చి ఇంకో రత్నం పుచ్చుకుంటాడు. కండబలం కన్నా ఈ బుర్రే నన్ను భయపెట్టింది.

ఆ తర్వాత ‘గాంట్లెట్’ ఆరు సంచికలూ చదవండి. విశ్వంలో వనరులు అందరికీ సరిపోవన్న సినిమా కారణాన్ని పక్కన పెట్టేయండి. ఇక్కడ అతను చేసేదంతా మృత్యుదేవత ప్రేమ కోసం. ఆమె ఉన్న ప్రతి ప్యానెల్ దగ్గరా ఆగి, ఇద్దరి ముఖాలూ చూడండి. తొందరపడితే కథలోని బాధ జారిపోతుంది.

జిమ్ స్టార్లిన్ అతన్ని పరిచయం చేసిన 1973 నాటి ‘ఐరన్ మ్యాన్’ 55వ సంచికను చివర్లో చదివినా చాలు.