గోదావరి డెల్టా ఊళ్లో ఫుడ్‌కోర్టు ఎలా పెట్టాలి?

ఎనిమిది స్టాళ్లు, నలభై కుర్చీలు, బళ్లు ఆపుకునే చోటు కలిపి పది సెంట్లు సరిపోతుంది. కాలువగట్టు మీద చల్లగా ఉంటుందని ఆశపడొద్దు. ఇరిగేషన్ వాళ్ల అనుమతి లేకపోతే ఎప్పుడైనా పీకేస్తారు. పంచాయతీ స్థలమైతే తీర్మానం కాగితం చేతికొచ్చాకే పని మొదలెట్టండి.

తర్వాత మెరక. పాత గోడల మీద వరద మరక చూసి, దానికి అడుగు పైన అరుగు వేయాలి.

ఎక్కువమంది దెబ్బతినేది మురుగు దగ్గర. అమలాపురం, పాలకొల్లు వైపు కాస్త తవ్వితేనే ఊట. వానాకాలంలో ఇంకుడుగుంత నీళ్లు పీల్చదు సరికదా, పైకి కక్కుతుంది. కాబట్టి గిన్నెలు కడిగిన నీళ్లను రెండు గదుల తొట్టిలోకి పంపండి. మొదటి గదిలో మెతుకులు అడుగున చేరతాయి, నూనె పైకి తేలుతుంది. మధ్య గొట్టాన్ని నీటిమట్టానికి బాగా కిందుగా పెట్టకపోతే ఆ నూనె రెండో గదిలోకీ వెళ్లి మురుగు కాలవ పూడుకుపోతుంది. తేలిన నూనెను వారం వారం తీసేయాలి. ఆ నీళ్లు పంచాయతీ డ్రైన్‌లోకే పోవాలి, పంటకాలవలోకి కాదు. దిగువ ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండేది ఆ పంటకాలవ నీళ్లతోనే. వేసవిలో కాలువలు కట్టేస్తారు కనుక సొంత ట్యాంకు తప్పదు.

ఒకే సరుకు ఇద్దరికి ఇవ్వకండి. పనస ఆకుల పొట్టిక్కలు ఒకరికి, దిబ్బరొట్టె ఒకరికి, చేపల వేపుడు ఇంకొకరికి. గాలి వచ్చే వైపు పూతరేకులు, పోయే వైపు నూనె పొయ్యిలు, ఇడ్లీ పాత్రలు ఉండాలి. ఆవిరి తగిలితే రేకు మెత్తబడుతుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. వేరే ఊళ్లో చుట్టినవాటికి బోర్డు మీద ఆ పేరు రాయొద్దు.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నమోదు ఏ స్టాలుకు ఆ స్టాలే చేయించుకోవాలి. గ్యాస్ 19 కిలోల కమర్షియల్ సిలిండరే, అదీ స్టాలు బయట నిలబెట్టి. తాగేసిన బొండాలను రోజూ పీచు మిల్లుకు పంపండి. రెండు వానలకు వాటిలో దోమలు పుడతాయి.

స్థిర అద్దె పెడితే ముసురు పట్టిన నెలలో చిన్నవాళ్లే ముందు మానేస్తారు. అమ్మకంలో పదో వంతు తీసుకోవడం మేలు. అందుకు టోకెన్ కౌంటర్ ఒక్కటే ఉండాలి, లెక్క ఆ రాత్రికే తేల్చేయాలి. ఎవరి క్యూఆర్ వాళ్లు పెట్టుకున్నారో, తగువు ఖాయం.

తుపాన్లు సద్దుమణిగాక డిసెంబరులో తెరవండి. సంక్రాంతి బేరం చూసి మాత్రం స్టాళ్లు పెంచకండి. అసలు గిరాకీ ఫిబ్రవరిలో తెలుస్తుంది.