పీసీసీలో రీలోడ్స్ కాలుస్తున్నారా, సీజన్ మొదలయ్యేలోపు ఇవి చూసుకోండి

చలికాలమంతా గరాజ్‌లో ప్రెస్ (తూటాలు తయారుచేసే యంత్రం) ముందు కూర్చుని వేలకి వేలు నైన్ ఎమ్ఎమ్ రీలోడ్స్, అంటే వాడిన కేసుల్లో మళ్ళీ మందు నింపిన తూటాలు, చేసిపెట్టుకున్నవాళ్ళు ఇప్పుడు డబ్బాలు బయటకి తీస్తారు, మ్యాచ్‌లు వరసగా ఉన్నాయి మరి. అందులో సగంమంది ఆ లోడ్ పిస్టల్ కోసం తయారుచేసుకున్నదే, ఈమధ్యే పీసీసీ (పిస్టల్ తూటాలు కాల్చే కార్బైన్, అంటే పొట్టి రైఫిల్) కొన్నారు కాబట్టి అదే డబ్బా దానికీ తెచ్చేస్తారు. పిస్టల్లో బ్రహ్మాండంగా ఆడింది కదా, అదే తూటా కదా అంటారు. తూటా అదే, కాల్చే మెషీన్ వేరు. నేను చెప్పేదంతా ఆ తేడా గురించే.

దానికంటే ముందు ఇంకోటి, మనవాళ్ళకి చాలామందికి తెలీదు. అమెరికాలో హెచ్ వన్ బీ, ఎఫ్ వన్, ఎల్ వన్ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ మాత్రమే కాదు, తూటా దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ నేరమే. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, గ్రీన్ కార్డ్ ఉంటే ఈ గొడవ లేదు. ఫ్రెండ్‌తో సరదాగా రేంజ్‌కి వెళ్ళేముందు కూడా లాయర్‌ని ఒక మాట అడగండి, ఇమిగ్రేషన్ ఫైల్‌కి అంటుకుంటే అది వదిలే మచ్చ కాదు.

ఇక విషయంలోకి. పిస్టల్లో కాల్చేటప్పుడు బ్యారల్, స్లైడ్ రెండూ లాక్ అయి ఉంటాయి, ప్రెషర్ తగ్గాకే విడిపోతాయి. నైన్ ఎమ్ఎమ్ పీసీసీల్లో ఎక్కువశాతం స్ట్రెయిట్ బ్లోబ్యాక్, అంటే తాళం లేని తలుపు, వెనక బరువైన బోల్ట్, స్ప్రింగ్ ఆపితేనే ఆగుతుంది. తూటా చాంబర్లో (బ్యారల్ వెనక తూటా కూర్చునే అర) పూర్తిగా కూర్చోకుండా పేలిందంటే బ్రాస్ (తూటా ఇత్తడి కేస్) వెనకభాగానికి దన్ను ఉండదు, చీలి గ్యాస్ అంతా మ్యాగజైన్ మీదకీ మీ మొహం మీదకీ వస్తుంది. ఉబ్బిన బ్రాస్‌ని సరిగ్గా సైజ్ చెయ్యకపోవడం, ప్రైమర్ (కేస్ అడుగున మందుని అంటించే బిళ్ళ) పైకి తేలి ఉండటం, బుల్లెట్ (తూటా ముందుండే గుండు) మరీ పొడుగ్గా కూర్చోపెట్టడం, అన్నీ అక్కడికే దారితీస్తాయి. అందుకే బోల్ట్ పూర్తిగా మూసుకోకపోతే దాన్ని చేత్తో గుద్ది ముందుకి తొయ్యకండి, టైమ్ పోతే పోయింది, ఆ తూటా బయటకి లాగి పారేసి ఇంకోటి ఎక్కించండి.

తూటా పొడవు చూసుకోవడానికి పిస్టల్ బ్యారల్‌ని నమ్ముకోకండి, ఒక్కో చాంబర్ ఒక్కోలా ఉంటుంది. ఏఆర్ రైఫిల్ టైప్ అయితే అప్పర్ (బ్యారల్ ఉన్న పైభాగం) విడదీసి, బోల్ట్ పూర్తిగా బయటకి తీసి, బ్యారల్ మూతి కిందకి పెట్టి పట్టుకుని తూటాని చాంబర్లోకి జారవిడవండి. టక్కుమని కూర్చోవాలి, వేలితో తిప్పితే తిరగాలి, అప్పర్‌ని తిరగేస్తే దానంతటదే జారి చేతిలో పడాలి. ఈ మూడిట్లో ఏది జరక్కపోయినా బుల్లెట్ రైఫ్లింగ్‌కి (బ్యారల్ లోపలి మెలికల గాడులు) తగులుతోందనో, క్రింప్ (బుల్లెట్ చుట్టూ కేస్ మూతిని నొక్కడం) సరిపోలేదనో, కేస్ లావుగా ఉందనో అర్థం. శామీ (అమెరికాలో తూటాల కొలతలు నిర్ణయించే తయారీదారుల సంస్థ) ప్రకారం నైన్ ఎమ్ఎమ్ పొడవు గరిష్ఠం 1.169 అంగుళాలు, అది పై హద్దు మాత్రమే, మీ తుపాకీకి అంత పడుతుందని గ్యారంటీ ఏమీ లేదు. మ్యాచ్ డబ్బాలోకి వెళ్ళే ప్రతి తూటానీ కేస్ గేజ్‌లో (తూటా కొలత సరిచూసే అచ్చు) వేసి చూడాల్సిందే, టీవీ చూస్తూ కూడా చేసుకోవచ్చు.

బోల్ట్ ధడేల్మని కొట్టినప్పుడు బుల్లెట్ కేస్ లోపలికి దిగుతుంది, దీన్నే సెట్‌బ్యాక్ అంటారు. నైన్ ఎమ్ఎమ్ చిన్న కేస్, లోపల ఖాళీ కాస్త తగ్గినా ప్రెషర్ ఒక్కసారిగా ఎగుస్తుంది, మామూలు నైన్ ఎమ్ఎమ్ హద్దే 35,000 పీఎస్ఐ. టెస్ట్ సింపుల్: రేంజ్‌లో (ఇంట్లో వద్దు), గొట్టం మట్టిదిబ్బ వైపు పెట్టి, క్యాలిపర్‌తో కొలిచిన తూటాని మ్యాగజైన్ నుంచి బోల్ట్ వదిలి ఎక్కించండి, కాల్చకుండా బయటకి తీసి మళ్ళీ కొలవండి. కళ్ళకి కనబడేంత తగ్గితే ఆ బ్యాచ్ పీసీసీకి వద్దు. క్రింప్ గట్టిగా బిగిస్తే సరిపోతుందనుకుంటారు కొందరు, అది తప్పు, బుల్లెట్‌ని పట్టుకునేది కేస్ బిగువు. ప్లేటెడ్ బుల్లెట్‌ని క్రింప్‌తో నొక్కేస్తే పైపూత తెగి, ఆ ముక్క బ్యారల్ మూతికి బిగించే కాంపెన్సేటర్లోనో సప్రెసర్లోనో తగిలి ఇంకో గొడవ. నేల మీద ఏరుకున్న మిక్స్‌డ్ బ్రాస్‌లో లోపల మెట్టు ఉన్న కేసులు కూడా వస్తుంటాయి, వాటిల్లో చోటు తక్కువ, టార్చ్ వేసి చూసి పక్కనపడెయ్యండి.

ఇప్పుడు అసలు పిచ్చి గురించి చెప్పాలి, మెత్తటి లోడ్ పిచ్చి. యూఎస్‌పీఎస్ఏలో (అమెరికా ప్రాక్టికల్ షూటింగ్ పోటీల సంస్థ) పీసీసీకి స్కోరింగ్ మైనర్ (తక్కువ పవర్ వర్గం) మాత్రమే, పవర్ ఫ్యాక్టర్ 125 ఉండాలి, అంటే బుల్లెట్ గ్రెయిన్లు ఇంటూ సెకనుకి అడుగుల్లో వేగం, దాన్ని వెయ్యితో భాగించాలి. 124 గ్రెయిన్ల బుల్లెట్ 1,010 అడుగులు పోతే చాలు, 147 అయితే 855. పదహారు అంగుళాల బ్యారల్లో చాలా పౌడర్లు పిస్టల్ కంటే వేగం ఎక్కువిస్తాయి కాబట్టి అంత మందు ఎందుకు, ఇంకా తగ్గిద్దాం, ఇంకా తగ్గిద్దాం అనిపిస్తుంది. నా మటుకు అది దండగమారి పని, బ్లోబ్యాక్‌లో డాట్ (గురిపెట్టే చుక్క) ఊగేది ఎక్కువగా ఆ బోల్ట్ బరువు ముందుకీ వెనక్కీ కొట్టుకోవడం వల్ల. త్వరగా కాలే పౌడర్ కొంచెం వేసి బరువు బుల్లెట్ పెడితే పొడుగు బ్యారల్లో రాపిడికి బుల్లెట్ నెమ్మదించి చివరికి లోపలే ఆగిపోయే ప్రమాదం ఉంది. రీలోడింగ్ మాన్యువల్లో ఇచ్చిన కనీస మోతాదు కిందకి దిగకండి, క్రోనో (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) మీద పవర్ ఫ్యాక్టర్ 129, 130 వచ్చేలా పెట్టుకోండి, అది కూడా మీ కార్బైన్లోనే కొలిచి. జనవరిలో కొలిచిన నంబర్ ఆగస్ట్ ఎండలో అలాగే ఉండదు, కొన్ని పౌడర్లకి వేడికి వేగం పెరుగుతుంది, కొన్నిటికి తగ్గుతుంది. పెద్ద మ్యాచ్‌లో క్రోనో దగ్గర 125 కిందకి పడితే ఆ రోజంతా కాల్చినా స్కోరు ఉండదు.

స్క్విబ్ (మందు చాలక బుల్లెట్ బ్యారల్లోనే ఇరుక్కోవడం) వస్తే పీసీసీలో ఒక ప్రత్యేకమైన ముప్పు. పౌడర్ లేని తూటా పుట్టుక్కుమంటుంది, బోల్ట్ సరిగ్గా వెనక్కి రాదు, చెయ్యి అలవాటుగా లాగి కొత్త తూటా ఎక్కించేస్తుంది, మీరు ట్రిగ్గర్ నొక్కేస్తారు, లోపల మొదటి బుల్లెట్ అలాగే ఉంటుంది. చప్పుడు తేడాగా ఉన్నా, దెబ్బ తేలికగా తగిలినా వేలు బయటకి తియ్యండి, అన్‌లోడ్ చేసి బ్యారల్లో రాడ్ వేసి చూడండి. ఆర్ఓ (రేంజ్ ఆఫీసర్) స్టాప్ అని అరిస్తే వాదించకండి, బ్యారల్ ఖాళీగా తేలితే రీషూట్ ఎలాగూ ఇస్తారు.

ఇంట్లో ప్రెస్ దగ్గర దీనికీ, మందు ఎక్కువ పడటానికీ విరుగుడు: డిల్లాన్ 550 లాంటి చేత్తో తిప్పే ప్రెస్‌లో మధ్యలో ఎవరైనా పిలిస్తే ఒకే కేస్‌లో రెండుసార్లు పౌడర్ పడే అవకాశం ఉంది, కాబట్టి ఫోన్ పక్కన పెట్టి, బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేస్‌లోకీ లైట్ వేసి చూడండి. రెండుసార్లు పడితే పొంగిపొర్లే లావుపాటి పౌడర్ అయితే ఇంకా నిశ్చింత. బెంచ్ మీద ఒక్క పౌడర్ డబ్బా మాత్రమే ఉండాలి. బ్రాస్ దుమ్ములో సీసం ఉంటుంది, టంబ్లర్‌ని (బ్రాస్ శుభ్రం చేసే యంత్రం) పిల్లలు తిరిగే చోట పెట్టకండి, చేతులు కడుక్కోకుండా సమోసా ముట్టుకోకండి.

మ్యాచ్‌కొచ్చాక "అన్నా, ఓ రెండొందలు ఎక్స్‌ట్రా ఉంటే ఇస్తావా" అని తప్పకుండా ఒకడు అడుగుతాడు. ఇవ్వకండి, తీసుకోకండి కూడా. ఎవరు లోడ్ చేశారో చూడని తూటా కాల్చకూడదు, అవసరమైతే ఫ్యాక్టరీ డబ్బా కొని ఇవ్వండి. డబ్బులు తీసుకుని అమ్మితే దానికి వేరే ఫెడరల్ లైసెన్స్ కావాలి.

ఇక ఇండియా ట్రిప్. రేంజ్‌కి వాడిన బ్యాక్‌ప్యాక్‌ని శంషాబాద్ దాకా తేవద్దు. కుట్టు మధ్యలో ఇరుక్కున్న ఒక్క లైవ్ తూటా స్కానర్లో కనబడితే 1959 ఆర్మ్స్ యాక్ట్ కింద కేసు, మర్చిపోయానంటే అక్కడ వినేవాళ్ళు ఉండరు, దారిలో దుబాయ్‌లోనో దోహాలోనో దొరికితే ఇంకా కష్టం. బంధువులు బ్యాగ్ అరువడిగినా సరే, అది ఎప్పుడైనా రేంజ్‌కి వెళ్ళిందేమో ఆలోచించి ఇవ్వండి, వెళ్ళి ఉంటే ఇంకో బ్యాగ్ చూసివ్వండి.