రికార్డు అట్ట మీద రెండో బొమ్మ, మూడో బొమ్మ: నైరూప్య ముఖచిత్రాన్ని చూసే పద్ధతి

ఎల్పీ రికార్డు అట్ట ఒక్కో పక్క సుమారు 31 సెంటీమీటర్లు. అదే బొమ్మ ఫోన్లో 6 సెంటీమీటర్లకు కుంచించుకుపోతుంది. ఫోన్‌ను 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని చూసినా, అసలు అట్టను ఒకటిన్నర మీటర్ల అవతలినుంచి చూసినా కంటికి ఒకటే. పెద్ద ఆకారం తెలుస్తుంది. లోపలి గీతలు, మరకలు, కుంచె జాడలు తెలియవు. నైరూప్య చిత్రంలో, అంటే ఫలానాదని నేరుగా తెలియని బొమ్మలో, మొదట కనబడ్డ ఆకారం కాక ఇంకోటీ ఉండొచ్చు. ఆ రెండో బొమ్మ చాలావరకు దాక్కునేది వాటిలోనే. కాబట్టి ముందు అట్ట చేతిలోకి రావాలి.

పాత ఇంట్లో గ్రామఫోన్ ప్లేట్లు మిగిలి ఉంటే మంచిదే. లేకపోతే బరంపురంలోనో రాయగడలోనో కలర్ ప్రింటింగ్ షాపులో 12×18 అంగుళాల షీట్ మీద దాదాపు నిండు సైజులో వేయించండి. ఏ3 కాగితం వెడల్పు 11.7 అంగుళాలే కనక బొమ్మ ఇంకా తగ్గుతుంది. ఫైలు ఒక్కో పక్క 3000 పిక్సెళ్లుంటే అంగుళానికి 250 వస్తాయి, సరిపోతుంది. 600 పిక్సెళ్ల ఫైలును సాగదీయిస్తే ఫైలును కుదించినప్పుడు పడ్డ జేపెగ్ గళ్లు బయటపడతాయి. ఆ గళ్లలో కిటికీలు, ముఖాలు ఎన్నయినా కనిపిస్తాయి గాని అవి చిత్రకారుడు వేసినవి కావు. కాగితం మెరుపులేనిది అడగండి. మెరిసేదైతే ట్యూబ్‌లైటు ప్రతిబింబం బొమ్మ మధ్యలో తెల్లచారలా పడుతుంది.

ఇవి కాక ఒక బటర్ పేపర్, మెత్తటి పెన్సిల్, పాత శుభలేఖ అట్టనుంచి కోసిన రెండు ముక్కలు కావాలి. ముక్కలు వడ్రంగి మూలమట్టంలా, ఇంగ్లీషు L అక్షరంలా ఉండాలి: చేయి పొడవు 8 అంగుళాలు, వెడల్పు 2 అంగుళాలు. రెండింటినీ ఎదురెదురుగా జరిపితే ఎంత కావాలంటే అంత కిటికీ వస్తుంది.

పాట వినకముందే చూడండి. పాట పేరు, ఆల్బమ్ పేరు చదివాక కన్ను ఆ మాటనే వెతుకుతుంది. పేరు అట్ట మీదే అచ్చయి ఉంటే ఒక కాగితం పట్టీతో కప్పేయండి.

తాడును చూసి పామనుకోవడం, చందమామలో కుందేలును చూడటం మనకు కొత్త కాదు. తెలిసిన ఆకారం కోసం మెదడు ఎప్పుడూ ఆత్రపడుతూనే ఉంటుంది. అందులోనూ ముఖాల మీద ఆశ ఎక్కువ. రెండు చుక్కలు, కింద ఒక గీత ఉంటే చాలు, ముఖం తయారు. చిక్కేమిటంటే, మొదట కనబడ్డ బొమ్మ పీట వేసుకుని కూర్చుంటుంది, ఇంకోదాన్ని రానివ్వదు. మిగతా కసరత్తంతా దాన్ని లేపడానికే.

మొదటి నిమిషంలో ఏం కనబడిందో, అట్ట మీద బటర్ పేపర్ పరిచి దాని మీద గీయండి. మాట రాయడం కాదు, అంచు గీయండి. ముక్కు ఎక్కడ మొదలయింది, తోక ఎక్కడ ముగిసింది? గీయలేకపోతే ఆ బొమ్మ ఇంకా మీ ఊహలోనే ఉంది, అట్ట మీద లేదు. ఈ ఒక్క అలవాటు వచ్చినా చూపు బాగా పదునెక్కుతుంది.

తర్వాత దూరం మార్చండి. అట్టను గోడకు ఆనించి 3 మీటర్ల వెనక్కి వెళ్లి కళ్లు సగం మూయండి. సన్నగీతలు కరిగిపోయి ముదురు ముద్దలు, లేత ముద్దలు మాత్రమే మిగులుతాయి. మళ్లీ 30 సెంటీమీటర్ల దగ్గరకు రండి. ఒకే చుక్కను గుడ్లప్పగించి చూడకండి. అలా చూస్తే చుట్టూ ఉన్న రంగులు కొద్దిసేపట్లో వెలిసిపోతాయి, గోడవైపు తిరిగితే ఎరుపున్న చోట ఆకుపచ్చ ఛాయ తేలుతుంది. అది కంటి అలసట. చూపును అంచుల వెంబడి నడిపిస్తూ ఉండండి.

ఇక తిప్పడం. ఒక్కో దిక్కుకు 3 నిమిషాల చొప్పున నాలుగు దిక్కులు, మొత్తం 12 నిమిషాలు. మధ్యమధ్య కిటికీలోంచి దూరంగా ఏదైనా చూసి కంటికి విరామం ఇవ్వండి. తలకిందులైన ముఖాన్ని మెదడు సరిగా పట్టలేదు, కాబట్టి మొండి ముఖం తనంతట తనే లేచిపోతుంది. ఇంకో సంగతి ఉంది. వెలుతురు పైనుంచే పడుతుందని మన కన్ను ముందే నమ్మేసి ఉంటుంది. గోపాలపూర్ ఇసుకలో ఒక అడుగుజాడను ఫోటో తీసి తలకిందులు చేయండి: గుంట కాస్తా ఉబ్బెత్తుగా కనబడవచ్చు. రాయి, బట్ట మడతలు, ఎండిన బురదలాంటి ఛాయలున్న ముఖచిత్రాల్లోనూ ఇలాగే లోయలు కొండలవుతాయి. ఒడిశా గంజపా పేకముక్క గుండ్రంగా ఉంటుంది కనక చేతిలో ఎటు తిరిగినా దానికి మూలల్లేవు. చదరపు అట్టను కూడా కాసేపు అలాగే పట్టుకోండి.

పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లీషు రాక్ బృందం వాళ్ల 1971 నాటి ఆల్బమ్ ‘మెడిల్’ దీనికి మంచి పాఠం. హిప్నోసిస్ సంస్థ రూపొందించిన ఆ అట్టను చూసి గుహ అనుకోవచ్చు, నీటి అడుగు అనుకోవచ్చు. నిజానికి అది నీటి అలలు పరిచిన ఒక చెవి. మడత పూర్తిగా తెరిచి, పక్కకు తిప్పి చూస్తే చెవి తేలికగా దొరుకుతుంది. ముందుపక్క ఒక్కటే చూసినంతసేపూ సగం చెవే చేతిలో ఉంటుంది. మడత అట్టను ఎప్పుడూ విప్పి చూడాలని చెప్పేది ఇందుకే.

ఇంకో ఇంగ్లీషు రాక్ బృందం జాయ్ డివిజన్ 1979 ఆల్బమ్ ‘అన్‌నోన్ ప్లెజర్స్’ సంగతి వేరు. నల్లటి నేల మీద తెల్లగీతలు. పర్లాకిమిడి వైపువాళ్లకు అది మహేంద్రగిరి వరసల్లా కనిపించడంలో వింత లేదు: ముందున్న గీత వెనక గీతను మరుగుచేస్తుంది, ముందు కొండ వెనక కొండను మూసినట్టే. అసలది 1967లో కనిపెట్టిన సిపి 1919 అనే పల్సర్ (గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు పంపే నక్షత్రం) నుంచి వచ్చిన 80 వరుస రేడియో స్పందనల పటం. పల్సర్ అని తెలిశాక కొండలు అబద్ధమైపోవు. ఏ అంచు వల్ల కొండ అనిపించిందో చూపగలిగితే మీ చూపు సరైనదే.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది నేలను, అంటే బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీని, బొమ్మగా చూడటం. ఏ గీతకైనా రెండు పక్కలుంటాయి, మెదడు దాన్ని ఒక పక్కకే కట్టబెడుతుంది. ఖాళీ అనుకున్న భాగం అంచు మీద వేలు నడిపి, దాన్నే పెన్సిల్‌తో నింపండి. ఫోన్ ఫోటోలో రంగును సున్నాకు తగ్గించి నలుపు తెలుపులో చూడటమూ ఇక్కడే పనికొస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ ఒకే గాఢతలో ఉంటే వాటి మధ్య అంచు మాయమై రెండూ కలిసిన కొత్త ఆకారం పుడుతుంది. ఆ తర్వాత శుభలేఖ అట్ట కిటికీని 10 సెంటీమీటర్ల చదరానికి తగ్గించి మూలమూలా జరపండి. ఒడిశా బొమ్మల్లో కనబడే, తొమ్మిది జీవాలు కలిసిన నవగుంజరను తలచుకోండి: కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, పాము తోక. ఒక్కో భాగాన్ని మూసి చూస్తేనే ఏ జంతువు ఎక్కడ అతుక్కుందో తెలుస్తుంది.

పాత అట్టలతో జాగ్రత్త. లోపలి ప్లేటు అంచు ఒరుసుకుని అట్ట మీద గుండ్రటి తెల్లటి వలయం పడుతుంది. దాన్ని చంద్రుడనో బావి అనో లెక్కవేస్తారు. తీరంలోని చెమ్మకు వచ్చే గోధుమరంగు బూజుచుక్కలూ అంతే. అనుమానం ఉంటే అదే ముఖచిత్రం శుభ్రమైన ప్రతితో పోల్చండి.

ఒక హెచ్చరిక. గజపతి, రాయగడ జిల్లాల్లో సవర ఇళ్ల గోడల మీద వేసే ఇడితాల్ అనే బొమ్మ నైరూప్యం కాదు. అందులో ప్రతి మనిషికీ, ప్రతి చెట్టుకూ వేసినవాళ్లు ఉద్దేశించిన అర్థం ఉంది. అలాంటి బొమ్మ అట్ట మీదికి ఎక్కినా ఊహ ఆపి, తెలిసినవాళ్లను అడగండి.

నలుగురూ కలిసి చూసేటప్పుడు ఎవరూ ముందు నోరు విప్పకూడదు. ఒకరు ‘ఏనుగు’ అన్నారంటే గదిలో అందరికీ తొండమే కనబడుతుంది. తెలుగు, ఒడియా కలిసి నడిచే ఇళ్లలో మాటలకన్నా గీతలే మేలు. ఎవరి బటర్ పేపర్ వాళ్లు గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి దీపానికి ఎదురుగా పట్టండి. ఏ అంచును అందరూ వాడుకున్నారో, ఎక్కడ విడిపోయారో తెలుస్తుంది. పిల్లల్ని ‘ఇందులో చేప ఉందా?’ అని అడగొద్దు, ‘ఏం కనబడుతోంది, ఎక్కడ?’ అని అడగండి.

ప్రతి కాగితం మీద అట్ట నాలుగు మూలలూ గుర్తు పెట్టి, పైవైపు బాణం వేసి, తేదీ, దూరం, పగటి వెలుతురో లైటో రాయండి. మూలల గుర్తు లేకపోతే వారం తర్వాత ఆ గీతను అట్ట మీద సరిగ్గా అమర్చలేరు. ఆ కాగితాల్ని రికార్డు అట్టలోనే దాచకండి. పెన్సిల్ పొడి ప్లేటు గాడుల్లోకి చేరుతుంది.