పెరటి మొక్కల చోటు మారుస్తున్నారా? రథసప్తమి నుంచి వెనక్కి లెక్కపెట్టండి

బెంగళూరులో నేలలో పాతుకున్న మందారాన్నో, నందివర్ధనాన్నో, గులాబీనో మరో చోటికి మార్చాలనుకునేవారు క్యాలెండర్‌లో ముందుగా చూడవలసిన రోజు రథసప్తమి. ఆ తర్వాత ఎండ ముదురుతుంది, గాలి పొడిబారుతుంది. అప్పటికల్లా మొక్క కొత్త మట్టిని పట్టుకోవాలంటే రెండు మూడు నెలల వ్యవధి కావాలి. అందుకే స్వాతి, విశాఖ కార్తెలనే నేను నమ్ముతాను. అంటే అక్టోబర్ చివరి వారం నుంచి నవంబర్ మూడో వారం దాకా. పెద్ద వానలు అప్పటికి తగ్గుముఖం పడతాయి, నేలలో తేమ మాత్రం మిగిలి ఉంటుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపే వీడియోలు చూసి పనికి దిగేవాళ్లు మన వీధుల్లో చాలామందే ఉన్నారు. ఆ చలి ప్రాంతాల్లో నేల గడ్డకట్టడానికి సుమారు ఆరు వారాల ముందే మొక్కల్ని మార్చేస్తారు. ఆకులు రాలిపోయినా, నేల వెచ్చగా ఉన్నంతకాలం లోపల వేళ్లు పెరుగుతూనే ఉంటాయి. ఆలస్యమైతే, గడ్డకట్టి కరిగే నేల వేరూనని మొక్కను పైకి నెట్టేస్తుంది. మనకు ఆ భయం లేదు. కానీ వాళ్లకున్న వెసులుబాటు కూడా లేదు. మన మందారం ఆకు రాల్చి నిద్రపోదు. వేళ్లు తెగిన రోజు కూడా దాని ఆకులు నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి.

కాబట్టి అసలు జాగ్రత్త తవ్వే రోజుకు నెల ముందే మొదలవుతుంది. కాండం మందానికి పది పన్నెండు రెట్లు వెడల్పున మొక్క చుట్టూ గీత గీయండి. కాండం 3 సెంటీమీటర్లుంటే 30 నుంచి 36 సెంటీమీటర్లన్నమాట. పదునైన పారతో ఆ గీత వెంట సగం వలయం నిటారుగా కోసి, రెండు వారాల తర్వాత మిగతా సగం కోయండి. తెగిన చోట, గీత లోపలివైపు సన్నని పీచు వేళ్లు పుట్టుకొస్తాయి. నీళ్లు తాగేది అవే. ఈ ఒక్క పని ఓపికగా చేసినవారికి సగం గండం గడిచినట్టే.

తవ్వే రోజున పిడికెడు మట్టి పిసికి చూడండి. జిగురుగా ముద్దకట్టి మెరిస్తే రెండు రోజులు ఆగండి. తడి ఎర్రమట్టిలో పార తగిలిన గోడలు నున్నగా బిగుసుకుపోతాయి, వేళ్లు వాటిని దాటలేవు. కొత్త గొయ్యి ముందే సిద్ధంగా ఉండాలి. వెడల్పు వేరు ముద్దకు రెండింతలు చాలు, లోతు మాత్రం ముద్దంతే. దాని నిండా నీళ్లు పోసి వదిలేయండి. తెల్లారినా నిలిచి ఉంటే ఆ చోటు వద్దు, లేదా మట్టిని ఎత్తు చేసి నాటండి. గొయ్యిలో పచ్చి పేడ, రసాయన ఎరువు వేయకండి. ఇంకా అతుక్కోని వేళ్లను అవి మాడ్చేస్తాయి.

బరువును తక్కువగా అంచనా వేయకండి. 36 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతున్న తడి మట్టిముద్ద దాదాపు 50 కిలోలు తూగుతుంది. కాండం పట్టుకుని లాగితే ముద్ద విరిగిపోతుంది, నడుమూ పట్టేస్తుంది. కింద గోనెసంచి దూర్చి ఇద్దరు కలిసి జరపండి.

పొదల మొదట్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిలించండి. నాగుపాము, రక్తపింజర బెంగళూరు శివార్లలోనూ ఉన్నాయి. కాటు పడితే కట్టు బిగించడం, గాయం కోయడం చేయకుండా 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గన్నేరు పాలు విషం, వయ్యారిభామ పుప్పొడి ఉబ్బసాన్ని రేపుతుంది. చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. గోడ పక్కన తవ్వుతుంటే కరెంటు తీగ, నీటి పైపు ఎటు వెళ్తున్నాయో ముందే కనుక్కోండి.

కొన్నిటిని కదపకపోవడమే మేలు. కరివేపాకుకు తల్లివేరు తెగితే కోలుకోవడం కష్టం, పక్కన లేచిన పిలకను తీసుకోండి. కాగితంపూల మొక్కకు కొమ్మ నాటుకోవడం సులువు. మొగ్గ తొడిగిన చేమంతిని పూలయ్యాక విడదీయండి.

సాయంత్రం పూట నాటి, మునుపటి మట్టి మట్టానికే పాతి, పాదు నిండా నీళ్లు పోయండి. మందారానికి మూడో వంతు కొమ్మలు తగ్గించండి. ఎండుటాకులు పరవండి, చెదలు పట్టకుండా కాండానికి తగలనివ్వకండి. మొదటి రెండు వారాలు పగటి ఎండకు నీడ కట్టాలి. నీళ్లకు వేలితో మట్టి తడి చూడటమే కొలత. తడి ఉండగానే ఆకు వాడితే మరింత పోయకండి, వేరు కుళ్లుతుంది. ఈ పనిని ఫిబ్రవరికి వాయిదా వేసేవారు 2024 మార్చిని గుర్తుచేసుకోవాలి. కరవు వల్ల తోటలకు తాగునీరు వాడటాన్ని జలమండలి నిషేధించి, 5,000 రూపాయల జరిమానా పెట్టింది. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్లను ఇప్పటి నుంచే పక్కన పెట్టడం అలవాటు చేసుకోండి.

ఆకులన్నీ రాలిపోయాయని మొక్కను పీకేయకండి. గోటితో కొమ్మ బెరడు కాస్త గీకండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగులో ఎండి ఉంటే ఇంకొంచెం కిందికి గీకి చూసి, పచ్చదనం కనిపించిన చోటికి పైన కత్తిరించండి.