టర్బో బండికి గట్టి క్లచ్ వేయిస్తున్నారా? ఘాట్ ఎక్కేముందు ఇది చదవండి

పోయిన ఆదివారం శ్రీశైలం డ్యామ్ దగ్గర నుంచి ఈగలపెంట వైపు ఎక్కే మలుపులో ఒక పాత డీజిల్ కారు వెనక్కి జారింది. లోపల ఐదుగురు. రోడ్డు పక్క గోడ ఆపింది కాబట్టి ప్రాణాలు దక్కాయి, ఒకామె చెయ్యి విరిగింది. మర్నాడు బండిని టోచన్ కట్టి అచ్చంపేటలో మా షెడ్డుకు తెచ్చారు. "అన్నా, నెల కిందనే గట్టి క్లచ్ ఏయించిన" అన్నాడు నడిపిన తమ్ముడు. గేర్‌బాక్సు దించి చూస్తే నిజమే, ప్లేటు కొత్తది, ఖరీదైనది కూడా. ప్రెజర్ ప్లేటు, అంటే ఆ ప్లేటును ఇంజిన్ చక్రానికి అదిమి పట్టేది, మాత్రం బండి కొన్నప్పటిది. దాని ముఖం మీద నెమలి మెడ రంగులో మచ్చలు, మచ్చల మధ్య వెంట్రుకంత సన్నటి చీలికలు.

ఇరవై ఏళ్లుగా నేను చూస్తున్న తప్పు ఇదే. టర్బో బూస్ట్, అంటే ఇంజిన్‌లోకి గాలి నెట్టే ఒత్తిడి పెంచుతారు, పికప్ వస్తుంది, నెలకే క్లచ్ జారుతుంది, అంటే ఇంజిన్ తిరిగినా ఆ బలం చక్రాలకు పూర్తిగా అందదు. అప్పుడు ప్లేటు ఒక్కటే గట్టిది వేయిస్తారు. ప్లేటు ఒక్కటే మార్చొద్దు.

ఎందుకో చెప్తా. బావిలోంచి బొక్కెన లాగేటప్పుడు తాడు ఎంత కొత్తదైనా పిడికిలి వదులైతే జారిపోతుంది కదా. క్లచ్‌లో ప్లేటు తాడైతే, ప్రెజర్ ప్లేటు పిడికిలి. దానిలో పళ్లెంలా ఉండే డయాఫ్రమ్ స్ప్రింగు ఎంత గట్టిగా నొక్కితే క్లచ్ అంత లోడు మోస్తుంది. ఆ స్ప్రింగు ఏళ్ల తరబడి వేడికి మెత్తబడి ఉంటుంది. దాని ముందు ఎంత మంచి ప్లేటు పెట్టినా కాలడానికే పెట్టినట్టు.

ఎంత గట్టిది కావాలో ముందు లెక్క వేసుకోండి. 1.3 లీటర్ల డీజిల్ స్విఫ్ట్ కంపెనీ నుంచి 190 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, అంటే తిప్పే బలంతో వచ్చింది. ట్యూనింగ్ చేయించాక అది 240కి చేరిందనుకుందాం. అప్పుడు దాదాపు 300 మోసే సెట్టు (ప్లేటు, ప్రెజర్ ప్లేటు కలిపి) చాలు. 500 మోసేది ఎందుకు? పెడల్ రాయిలా అవుతుంది, పెడల్ తొక్కితే క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్ మీద, క్రాంక్ షాఫ్టు ముందూవెనకా జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్ల మీద బరువు పడుతుంది. పైగా అంతకుముందు క్లచ్ జారి తట్టుకున్న దెబ్బ ఇప్పుడు నేరుగా గేర్‌బాక్సుకు తగులుతుంది.

ట్రాక్టర్లలో వేసే, గుండీల్లాంటి లోహపు ముక్కలుండే బటన్ ప్లేటు చూసి, అలాంటిదే కారుకూ కావాలని అడుగుతారు. వేడికి అది బాగా ఆగుతుంది, కాదనను. కానీ ఒక్కసారిగా పట్టేస్తుంది. ట్రాఫిక్‌లో మెల్లగా వదలడం కుదరదు, బండి వణుకుతుంది, ఫ్లైవీల్‌ను, అంటే ప్లేటు ఆనుకునే ఇంజిన్ చక్రాన్ని కూడా తినేస్తుంది. శివరాత్రికి ఘాట్‌లో గంటల తరబడి ఆగుతూ కదులుతూ పోవాల్సిన కుటుంబం బండికి అది వద్దు. కంపెనీ బండ్లలో వచ్చే మామూలు ఆర్గానిక్ ప్లేటు, దానికి తగ్గ గట్టి ప్రెజర్ ప్లేటు చాలామందికి సరిపోతాయి.

ఇక షెడ్డులో దగ్గరుండి చూసుకోవాల్సినవి. ఫ్లైవీల్ ముఖం లేత్ మీద పట్టించాలి. పాత గీతల మీద కొత్త ప్లేటు సరిగా కూర్చోదు. మీ బండికి డ్యూయల్ మాస్ ఫ్లైవీల్, అంటే లోపల స్ప్రింగులుండే రెండు ముక్కల చక్రం ఉంటే దాన్ని లేత్‌కు పంపొద్దు. రెండు ముక్కల మధ్య వదులు ఎక్కువుంటే మార్చడమే. ఇంజిన్ వెనకాల ఆయిల్ సీలు, గేర్‌బాక్సు ముందు సీలు ఎలాగూ బయటపడతాయి, అప్పుడే మార్చేయండి. చుక్క ఆయిల్ పడితే కొత్త ప్లేటు కూడా జారుతుంది. రిలీజ్ బేరింగ్ పాతది వేయనివ్వొద్దు. మళ్లీ చెప్తున్నా, ప్లేటు ఒక్కటే మార్చొద్దు. "లోపల అంతా బాగనే ఉంది" అని మెకానిక్ అన్నా సరే, ప్రెజర్ ప్లేటు బయటికి తీయించి మీ కళ్లతో చూడండి.

పాత క్లచ్ దుమ్మును ఎయిర్ పెట్టి ఊదొద్దు. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవాలి.

ప్రెజర్ ప్లేటు బోల్టుల్లో ఏ ఒక్కదాన్నీ ఒకేసారి పూర్తిగా బిగించొద్దు. ఎదురెదురుగా, కొంచెం కొంచెం.

స్ప్లైన్‌కు, అంటే ప్లేటు మధ్యలో దూరే గేర్‌బాక్సు షాఫ్టు పళ్లకు, గ్రీజు పల్చగా. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి ప్లేటు మీదే పడుతుంది.

బూస్ట్ ముందు పెంచి క్లచ్ తర్వాత చూద్దాం అనొద్దు. ముందు క్లచ్.

కొత్త సెట్టు వేశాక 500 నుంచి 800 కిలోమీటర్లు మెల్లగా నడపాలి. అది ఊళ్లో తిరిగిన కిలోమీటర్లు అయితే ఇంకా మంచిది. ఈ వారం వేయించి వచ్చే వారం శ్రీశైలం బయల్దేరొద్దు.

బయల్దేరేముందు ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40-50 స్పీడులో ఒక్కసారి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూడండి. ఇంజిన్ ఆర్‌పీఎం ముల్లు ఎగిరి బండి స్పీడు పెరగకపోతే జారుతున్నట్టే. టర్బో డీజిల్‌లో టార్క్ 1,800 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్యే ఎక్కువ కాబట్టి అక్కడే బయటపడుతుంది. ఒక్కసారే చూడండి, పదిసార్లు చూస్తే మీరే కాల్చినవారవుతారు.

ఎత్తులో హాఫ్ క్లచ్ మీద నిలబెట్టొద్దు. హ్యాండ్ బ్రేక్ వాడండి.

పెడల్ మీద కాలు పెట్టి నడపొద్దు.

మన్ననూరు దాటితే అడవి. మామూలు రోజుల్లో రాత్రి 9 తర్వాత బండ్లు వదలరు. చీకటిపడే వేళకు అనుమానమున్న క్లచ్‌తో లోపలికి పోవద్దు.

ప్లేటు ఒక్కటే మార్చిన బండి అయితే అసలు ఘాట్‌కే తీసుకెళ్లొద్దు. బస్సులో పోండి.

ఎక్కుతుండగా కాలిన వాసన వస్తే ఇంకొక్క మలుపు అనుకోవద్దు. పక్కకు ఆపండి, ఫుట్ బ్రేక్ తొక్కి ఉంచి హ్యాండ్ బ్రేక్ లాగండి. ముందు ఒకరు దిగి వెనక చక్రాలకు పెద్ద రాళ్లు పెట్టాలి. ఆ తర్వాత మిగిలినవాళ్లు కొండ వైపు దిగాలి. బండి వెనకాల ఎవరూ నిలబడొద్దు, పిల్లలు అసలే వద్దు.